500 రూపాయల సిలిండర్: మీ ఇంటికి ఏడాదికి ఎన్ని కావాలి? లెక్క మీరే వేసుకోండి

పథకం పాఠం – జడ్చర్ల మండలం, పట్టణంలోని మహిళా సంఘాల సభ్యులకు, గృహిణులకు

ఈ పాఠం ఎవరికి?

తెల్ల రేషన్ కార్డు ఉండి, ఇంట్లో గ్యాస్ కనెక్షన్ ఉన్నవాళ్లకు. గ్యాస్‌తో పాటు కట్టెల పొయ్యి కూడా వాడేవాళ్లకు మరీ ముఖ్యం. చదవడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. పక్కన ఒక కాగితం, పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ పెట్టుకోండి. లెక్కలన్నీ కూడికలు, గుణకారాలు, భాగహారాలే. ఏడో తరగతి చదివే పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, పని ఇంకా తొందరగా అయిపోతుంది.

ముందు పథకం ఏమిటో ఒక్క చూపులో

మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయలకే గ్యాస్ సిలిండర్ ఇచ్చే కార్యక్రమం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి కూడా అదే రోజు మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం ఉంది. అది కింద చూద్దాం.

గ్యాస్ సబ్సిడీలో గుర్తుంచుకోవాల్సిన మాటలు నాలుగు:

1. ప్రజాపాలన దరఖాస్తు, తెల్ల రేషన్ కార్డు, వాడకంలో ఉన్న గృహ వినియోగ గ్యాస్ కనెక్షన్ – మూడూ ఉండాలి.
2. సిలిండర్ ఇంటికి వచ్చినప్పుడు పూర్తి ధర మీరే కట్టాలి. 500 పోను మిగతాది తర్వాత మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది.
3. సబ్సిడీ సిలిండర్లకు ఏడాదికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు అందరికీ ఒకటే కాదు. గత మూడేళ్లలో మీరు సగటున ఏడాదికి ఎన్ని సిలిండర్లు తీసుకున్నారో, అన్నింటికే సబ్సిడీ.
4. హద్దు దాటి తీసుకునే సిలిండర్‌కు పూర్తి ధర.

మన దగ్గర ఎక్కువ మందికి తెలియనిది మూడో మాటే. "500కే సిలిండర్ అన్నరు, ఈసారి పైసలు పడలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ హద్దు దగ్గరే తేలుతాయి. సబ్సిడీ ఆగిందా, హద్దు దాటిందా అన్నది తెలియాలంటే రెండు అంకెలు మీ చేతిలో ఉండాలి. ఒకటి, మీకు ఎన్ని సిలిండర్లకు సబ్సిడీ వస్తుంది. రెండు, మీ ఇంటికి నిజంగా ఎన్ని కావాలి. మొదటిది గ్యాస్ ఏజెన్సీలో అడగాలి. రెండోది ఎవరూ చెప్పలేరు, మీరే లెక్క వేసుకోవాలి. ఈ పాఠం దాని కోసమే.

లెక్క 1: గ్యాస్ మీదే వండే ఇల్లు

ఇది అన్నింటికన్నా తేలిక. కొత్త సిలిండర్ బిగించిన రోజు క్యాలెండర్ మీద తేదీకి సున్నా చుట్టండి. అయిపోయిన రోజు మళ్లీ చుట్టండి. ఒక్క సిలిండర్‌తో ఆగకండి. ఒక నెల చుట్టాలు వస్తారు, ఇంకో నెల మీరే ఊరికి పోతారు. వరుసగా మూడు సిలిండర్లు చూడండి.

ఉదాహరణకు ఐదుగురు ఉన్న ఒక ఇల్లు. మొదటి సిలిండర్ 36 రోజులు వచ్చింది, రెండోది 40, మూడోది 35.

మొత్తం: 36 + 40 + 35 = 111 రోజులు
సగటు: 111 ÷ 3 = 37 రోజులు
ఏడాదికి: 365 ÷ 37 = 9.9, అంటే 10 సిలిండర్లు

రోజుకు ఎంత గ్యాస్ కాలుతోందో కూడా తెలుసుకోవచ్చు. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు, అంటే 14,200 గ్రాములు. 14,200 ÷ 37 = 384 గ్రాములు. ఈ అంకె రాసిపెట్టుకోండి. అది ఒక్కసారిగా పెరిగితే పైపు దగ్గరో, బర్నర్ దగ్గరో ఏదో తేడా ఉన్నట్టు.

పండుగ నెలలు ఈ మూడింటిలో లేకపోతే ఏడాది లెక్కకు ఒక సిలిండర్ కలపండి. సంక్రాంతికి సకినాలు, అరిసెలు చేసే ఇంట్లో గ్యాస్ ఎట్లా కరిగిపోతుందో మీకు చెప్పక్కర్లేదు.

లెక్క 2: సగం గ్యాస్, సగం కట్టెలు వాడే ఇల్లు

జడ్చర్ల చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇండ్లు ఇట్లాంటివే. చాయ్, కూర గ్యాస్ మీద. జొన్న రొట్టెలు, స్నానాల నీళ్లు బయట కట్టెల పొయ్యి మీద. ఇట్లాంటి ఇంట్లో సిలిండర్ రెండు, రెండున్నర నెలలు వస్తుంది. దాన్ని బట్టి "మాకు ఏడాదికి ఐదు చాలు" అనుకుంటారు. కానీ ఐదు అన్నది మీరు వాడుతున్న లెక్క, మీ ఇంటి అవసరం లెక్క కాదు.

అవసరం తెలియాలంటే 15 రోజుల పరీక్ష పెట్టుకోండి. ఆ పదిహేను రోజులు వంట మొత్తం గ్యాస్ మీదే చేయండి. స్నానాల నీళ్లు దీంట్లో కలపకండి, వాటి లెక్క వేరే ఉంది.

మొదటి రోజు సిలిండర్ తూకం వేయండి. రేషన్ దుకాణం, కిరాణా, పత్తి కాంటా – ఏదైనా సరే. పదిహేను రోజుల తర్వాత అదే కాంటా మీద మళ్లీ వేయండి. తూకానికి తీసేటప్పుడు రెగ్యులేటర్ కట్టేసి, సిలిండర్ మూతికి టోపీ పెట్టి, నిలబెట్టే మోయండి. పడుకోబెట్టి దొర్లించొద్దు.

మొదటి తూకం 29.7 కిలోలు అనుకుందాం. పదిహేను రోజుల తర్వాత 24 కిలోలు.

కాలిన గ్యాస్: 29.7 – 24 = 5.7 కిలోలు
రోజుకు: 5.7 ÷ 15 = 0.38 కిలో, అంటే 380 గ్రాములు
ఏడాదికి: 0.38 × 365 = 139 కిలోలు
సిలిండర్లలో: 139 ÷ 14.2 = 9.8, అంటే 10

ఐదు చాలు అనుకున్న ఇంటి నిజమైన వంట అవసరం పది సిలిండర్లు. మిగతా ఐదు సిలిండర్ల పని కట్టెలు చేస్తున్నాయన్న మాట. ఆ కట్టెలు ఎవరు తెస్తున్నారు, ఎన్ని తెస్తున్నారు, వాటి ఖర్చు ఎంత అన్నది తర్వాతి లెక్క.

కాంటా దొరకనివాళ్లు తడిబట్ట పద్ధతి చూడొచ్చు. సిలిండర్ పక్కంతా తడిబట్టతో తుడవండి. లోపల గ్యాస్ ద్రవంగా ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, ఖాళీగా ఉన్న పైభాగం ముందే ఆరుతుంది. ఆ గీత ఎక్కడుందో చూస్తే సగం ఉందా, పావు ఉందా తెలుస్తుంది. ఇది అందాజా మాత్రమే. లెక్కకు తూకమే సరైనది.

లెక్క 3: ఒక సిలిండర్ ఎన్ని కిలోల కట్టెలకు సమానం?

వేడిని కిలో కేలరీల్లో కొలుస్తారు. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి కావాల్సింది ఒక కిలో కేలరీ. ఇంత గుర్తుంటే చాలు.

కిలో గ్యాస్‌లో సుమారు 11,000 కిలో కేలరీల వేడి ఉంటుంది. బాగా ఎండిన కిలో కట్టెలో సుమారు 3,600. అంటే గ్యాస్‌లో మూడింతలు ఉంది. కానీ అసలు తేడా పొయ్యిలో ఉంది. గ్యాస్ పొయ్యి మీద వేడిలో నూటికి 65 వంతుల దాకా గిన్నెకు చేరుతుంది. మూడు రాళ్ల పొయ్యి మీద నూటికి 10 నుంచి 15 వంతులే. మిగతాదంతా పక్కలకు, పొగలోకి, గోడకు పోతుంది.

గ్యాస్ కిలోకు గిన్నెకు చేరేది: 11,000లో నూటికి 65 = 7,150
కట్టె కిలోకు గిన్నెకు చేరేది: 3,600లో నూటికి 12 = 432
సిలిండర్ మొత్తానికి: 14.2 × 7,150 = 1,01,530
సమానమైన కట్టెలు: 1,01,530 ÷ 432 = 235 కిలోలు

ఒక సిలిండర్ చేసే పని చేయడానికి మూడు రాళ్ల పొయ్యికి దాదాపు 235 కిలోల ఎండు కట్టెలు కావాలి. తలమోపు 20 కిలోలు అనుకుంటే 12 మోపులు. పచ్చి కట్టె అయితే ఇంకా ఎక్కువ. దాంట్లో సగం దాకా నీళ్లే ఉంటాయి, ఆ నీళ్లు ఆవిరి కావడానికే కొంత వేడి పోతుంది. సర్కారు తుమ్మ కొట్టిన వారంలోనే పొయ్యిలో పెడితే పొగ వస్తుంది తప్ప మంట రాదు. అందుకు కారణం ఇదే.

ఇప్పుడు ధర చూద్దాం. సిలిండర్ ధర మారుతూ ఉంటుంది కాబట్టి లెక్క కోసం 900 రూపాయలు అనుకుందాం. మీరు లెక్క వేసేటప్పుడు మీ రసీదు మీద ఉన్న ధర పెట్టుకోండి.

900 ÷ 235 = 3 రూపాయల 83 పైసలు.

కట్టెలు కొని వాడేవాళ్లు కిలోకు 4 రూపాయల కన్నా ఎక్కువ పెడుతుంటే, సబ్సిడీ లేకుండా పూర్తి ధరకు గ్యాస్ కొన్నా అగ్గువే పడుతుంది. సబ్సిడీ సిలిండర్ అయితే 500 ÷ 235 = 2 రూపాయల 13 పైసలు. ఆ ధరకు తూకం వేసి ఎండు కట్టెలు ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం.

పొగ తక్కువ వచ్చే మెరుగైన కట్టెల పొయ్యి ఉంటే లెక్క మారుతుంది. దాంట్లో నూటికి 25 వంతుల వేడి గిన్నెకు చేరితే సిలిండర్‌కు సమానం 113 కిలోలే. కట్టెల పొయ్యి పూర్తిగా మానలేని ఇండ్లు కనీసం పొయ్యి మార్చుకుంటే సగం మోపులు తగ్గుతాయి.

లెక్క 4: చలికాలం స్నానాల నీళ్లు

గ్యాస్ ఎక్కడ పోతుందో చాలా మంది గమనించనిది ఇక్కడే. చలికాలం తెల్లారి తొట్టిలో నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు కావాలి. మనిషికి 15 లీటర్లు.

ఒకరికి: 15 లీటర్లు × 20 డిగ్రీలు = 300 కిలో కేలరీలు
ఐదుగురికి: 1,500
గ్యాస్ మీద: 1,500 ÷ 7,150 = 0.21 కిలో, అంటే రోజుకు 210 గ్రాములు

వంటకు 380, స్నానాలకు 210. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా 120 రోజులు లెక్కిస్తే 25 కిలోలు, అంటే దాదాపు రెండు సిలిండర్లు. వంటకు లెక్క వేసుకున్న పదిలోనే ఈ రెండూ పోతే ఏడాది చివర రెండు నెలలు పొయ్యి ఖాళీ. ముందే తెలిస్తే ముందే వేరే ఏర్పాటు చేసుకోవచ్చు.

"మేము సగం కాగు మరిగించి చన్నీళ్లు కలుపుకుంటాం, దాంతో గ్యాస్ తక్కువ కాలుతుంది కదా" అని అడుగుతుంటారు. తక్కువ కాలదు. చివరికి బకెట్‌లో ఎన్ని లీటర్లు, ఎంత వేడి అన్నదాన్ని బట్టే లెక్క. ఆదా ఎక్కడ అంటే, అవసరం కన్నా ఎక్కువ కాగబెట్టకపోవడంలో, కాగు మీద మూత పెట్టడంలో, మరిగాక కాగు పొయ్యి మీదే వదిలేయకపోవడంలో.

కట్టెల మీద అయితే 1,500 ÷ 432 = రోజుకు మూడున్నర కిలోలు. నాలుగు నెలలకు 4 క్వింటాళ్ల పైన. దీనికి మన దగ్గర కంది కట్టె, మక్క బెండ్లు బాగా పనికొస్తాయి. పత్తి కట్టె కూడా మండుతుంది కానీ ఒక జాగ్రత్త. పత్తి కట్టెను చేను గట్టు మీద, ఇంటి వెనక కుప్ప వేసి నెలల తరబడి ఉంచితే దాంట్లో గులాబీ రంగు పురుగు దాక్కొని వచ్చే పంటకు ఎక్కుతుంది. పొయ్యికి రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే ఉంచుకోండి.

మూడో దారి కరెంటు. 860 కిలో కేలరీలు అంటే ఒక యూనిట్. వృథా కూడా కలుపుకుంటే ఐదుగురి స్నానాలకు రోజుకు దాదాపు 1.9 యూనిట్లు, నెలకు 57. ఇక్కడే గృహజ్యోతి గుర్తు పెట్టుకోవాలి. నెలకు 200 యూనిట్ల లోపు వాడితేనే జీరో బిల్లు. 200 దాటితే పైన వాడిన యూనిట్లకే కాదు, మొత్తం యూనిట్లకు బిల్లు వస్తుంది.

మీ ఇంటి బిల్లు 120 యూనిట్లు ఉంటే: 120 + 57 = 177. హీటర్ పెట్టుకోవచ్చు.
మీ ఇంటి బిల్లు 160 యూనిట్లు ఉంటే: 160 + 57 = 217. హీటర్ పెడితే జీరో బిల్లు పోతుంది.

పోయిన చలికాలం బిల్లులు తీసి చూసుకుని నిర్ణయించుకోండి. నీళ్లలో పెట్టే రాడ్డు వాడేవాళ్లు స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. వేడి చూద్దామని వేలు పెట్టడం ప్రాణాల మీదకు తెస్తుంది. పిల్లలు ఉన్న ఇంట్లో రాడ్డు పెట్టి పక్కకు పోవద్దు.

ఖర్చు లేని దారి కూడా ఒకటి ఉంది. నల్ల డ్రమ్ములోనో, వెడల్పు గంగాళంలోనో నీళ్లు పగలంతా ఎండలో పెట్టి సాయంత్రం స్నానాలు చేసే ఇంట్లో నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కినా సగం ఇంధనం మిగిలినట్టే.

లెక్క 5: మీకు సబ్సిడీ ఎన్నింటికి?

మీ గ్యాస్ పుస్తకం, లేదా ఫోన్‌లో వచ్చిన బుకింగ్ మెసేజ్‌లు చూసి గత మూడేళ్ల సంఖ్య కూడండి. ఏజెన్సీలో కనెక్షన్ నంబర్ చెబితే వాళ్లూ చూసి చెబుతారు.

లెక్క 2లోని ఇంటినే తీసుకుందాం. మూడేళ్లలో తీసుకున్నవి 4, 5, 6. మొత్తం 15. సగటు 5. వంట అవసరం 10. అంటే సగానికే సబ్సిడీ.

సిలిండర్ ధర ఎక్కువైందని కట్టెలకు మళ్లిన ఇంటికి సగటు తక్కువగానే ఉంటుంది. కనెక్షన్ ఒకరి పేరున ఉండి, సిలిండర్ వాడేది ఇంకొకరైన ఇండ్లలో కూడా తేడా వస్తుంది. మీ పేరు మీద పక్కింటివాళ్లు తెచ్చుకున్న సిలిండర్ మీ ఖాతాలో రాస్తారు, వాళ్ల పేరు మీద మీరు తెచ్చుకున్నది వాళ్ల ఖాతాలో పడుతుంది. ఇక ముందు ఎవరి కనెక్షన్ మీద వాళ్లే బుక్ చేసుకోండి. బదులు ఇచ్చి పుచ్చుకోవడం మన దగ్గర మామూలే, కానీ రికార్డు బదులును గుర్తించదు.

కనెక్షన్ తీసుకుని మూడేళ్లు కానివాళ్లు తమ సంఖ్యను ఏజెన్సీలో గానీ, పౌర సరఫరాల అధికారుల దగ్గర గానీ అడిగి కాగితం మీద రాసుకోవాలి.

లెక్క 6: ఉన్న సిలిండర్లతో ఏడాది ఎట్లా నడపాలి?

అవసరం 10, సబ్సిడీ 5 ఉన్న ఇంటికి రెండు దారులున్నాయి.

మొదటి దారి – వంట మొత్తం గ్యాస్ మీద.
5 × 500 = 2,500
5 × 900 = 4,500
ఏడాదికి 7,000. నెలకు 583 రూపాయలు.

రెండో దారి – సబ్సిడీ ఐదింటితోనే సర్దుకోవడం.
ఏడాదికి గ్యాస్ ఖర్చు 2,500. ఐదు సిలిండర్లంటే 71 కిలోలు.

రెండో దారి పట్టేవాళ్లు గ్యాస్‌ను ఏడాదంతా సమానంగా పంచకండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానల్లో కట్టెలు తడుస్తాయి, వంట లోపల చేయాలి, పొగ బయటకు పోదు. ఆ నాలుగు నెలలు పూర్తిగా గ్యాస్ మీద వండండి. 120 రోజులు × 380 గ్రాములు = 45.6 కిలోలు. మిగిలింది 25.4 కిలోలు. దాన్ని మిగతా 245 రోజులకు పంచితే రోజుకు 104 గ్రాములు. చాయ్, పాలు, పిల్లలు బడికి పోయే ముందు ఒక కూర – వీటికి సరిపోతుంది.

ఆ 245 రోజులు కట్టెల మీద పడే పని రోజుకు 276 గ్రాముల గ్యాస్‌కు సమానం. అంటే రోజుకు నాలుగున్నర కిలోలకు పైగా కట్టెలు, మొత్తం 11 క్వింటాళ్లు. చలికాలం స్నానాలకు ఇంకో 4. కలిపి 15 క్వింటాళ్లు. తలమోపు 20 కిలోల చొప్పున 75 మోపులు.

మొదటి దారికి, రెండో దారికి మధ్య డబ్బు తేడా 4,500 రూపాయలు. ఆ 4,500 మిగలాలంటే వంట కోసమే 11 క్వింటాళ్లు, అంటే 55 మోపులు, ఎవరో ఒకరు ఏరి, కొట్టి, మోసి తేవాలి. ఒక్కో మోపుకు పడే కూలి 82 రూపాయలు. ఒక మోపు కోసం సగం పూట పోతుందంటే, ఆ సగం పూటకు ఉపాధి హామీలోనో, పత్తి ఏరడానికో పోతే ఎంత వస్తుందో పక్కపక్కన పెట్టి చూడండి. సొంత చేనులో కట్టె ఉండి, తేవడానికి బండి ఉన్న ఇంటికి ఒక జవాబు వస్తుంది. రోడ్డు పక్క పుల్లలు ఏరుకునే ఇంటికి వేరే జవాబు వస్తుంది. ఎవరి జవాబు వాళ్లదే. ఇంట్లో మోపు మోసే మనిషిని అడగకుండా మాత్రం ఆ జవాబు రాయొద్దు.

పొగ లెక్క డబ్బులో తేలదు. ఇంట్లో పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొయ్యి దగ్గర కూర్చునేది ఆడవాళ్లు, వాళ్ల ఒడిలో ఉండేది చిన్నపిల్లలు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం మహిళల పేరు మీదే కనెక్షన్లు ఇచ్చింది ఇందుకే. ఇంట్లో బాలింత, దమ్ము ఉన్న ముసలివాళ్లు, ఐదేళ్ల లోపు పిల్లలు ఉంటే లోపలి వంట గ్యాస్ మీదే పెట్టుకోండి. కట్టెల పొయ్యి బయట, గాలి ఆడే చోట ఉండాలి.

900 ఒక్కసారి ఎక్కడి నుంచి తేవాలి?

సబ్సిడీ తర్వాత వస్తుంది కాబట్టి సిలిండర్ వచ్చిన రోజు చేతిలో పూర్తి ధర ఉండాలి. ఇది చాలా ఇండ్లకు ఇబ్బంది. దీనికి ఒక పద్ధతి ఉంది. మొదటిసారి మాత్రమే 900 సర్దుకోండి. ఖాతాలో పడిన 400ను వేరే ఖర్చుకు తీయకుండా తర్వాతి సిలిండర్ కోసం ఉంచండి. అప్పుడు రెండోసారి నుంచి మీరు జమ చేయాల్సింది 500 మాత్రమే. సిలిండర్ 37 రోజులు వచ్చే ఇంట్లో 500 ÷ 37 = రోజుకు 14 రూపాయలు. సంఘం పొదుపు కట్టినట్టే డబ్బాలో వేయండి. మొదటి 900 కోసం వడ్డీ వ్యాపారి దగ్గరకు పోకుండా మీ సంఘంలో చిన్న అప్పుగా అడగొచ్చు.

గ్యాస్ ఎక్కువ రోజులు రావాలంటే

– నీళ్లు మరగడం మొదలయ్యాక మంట తగ్గించండి. ఎంత మంట పెట్టినా మరిగే నీళ్లు 100 డిగ్రీలు దాటవు, ఆవిరే ఎక్కువ పోతుంది.
– పప్పు, శనగలు, గుగ్గిళ్లు ముందే నానబెట్టండి. కుక్కర్ వాడండి.
– గిన్నె అడుగు దాటి పక్కలకు వచ్చే మంట గాలిని వేడి చేస్తుంది, అన్నాన్ని కాదు. పెద్ద బర్నర్ పూర్తి మంట మీద గంటకు సుమారు 150 గ్రాములు కాల్చేస్తుంది.
– మంట పచ్చగా వస్తే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. నీలంగా ఉండాలి.
– రొట్టెలు అన్నీ తట్టుకున్నాక పెంక పెట్టండి. పెంక కాలుతుండగా పిండి తడిపితే గ్యాస్ ఊరికే పోతుంది.

ఇదే లెక్క వేరే చోట

అమెరికా, యూరప్‌లలోని చలి ప్రాంతాల్లో ఇల్లు వెచ్చగా ఉంచడానికి కొందరు రంపపు పొట్టును ఒత్తి చేసిన గుళికలు కాలుస్తారు. పెల్లెట్లు అంటారు. మన పిల్లలు అక్కడ ఉంటే వాళ్లు వేసే లెక్క కూడా ఇట్లాంటిదే. చలికాలం మొత్తానికి ఇంటికి 12,000 యూనిట్ల వేడి కావాలనుకుంటే, కిలో గుళికలో 4.8 యూనిట్లు, పొయ్యి దాంట్లో నూటికి 80 వంతులు ఇంట్లోకి ఇస్తుంది. 12,000 ÷ 3.84 = 3,125 కిలోలు. 18 కిలోల సంచుల్లో 170కి పైగా. మన దేశంలో ఈ గుళికలను పంట వ్యర్థాలతో చేసి బొగ్గు కరెంటు కేంద్రాల్లో బొగ్గుతో కలిపి కాల్చే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. పత్తి కట్టె, పల్లికాయ పొట్టు వంటివాటికి పొయ్యి కాకుండా ఇంకో గిరాకీ కూడా ఉందన్న మాట.

ఎక్కడైనా అడగాల్సిన ప్రశ్నలు నాలుగే: ఎంత వేడి కావాలి? ఇంధనంలో ఎంత ఉంది? పొయ్యి ఎంత అందిస్తుంది? ఎన్ని రోజులు?

తరచూ అడిగే ప్రశ్నలు

డెలివరీ బాయ్ రసీదు ధర కన్నా ఎక్కువ అడుగుతున్నాడు?
ఇవ్వక్కర్లేదు. ఇంటికి తెచ్చే చార్జీ రసీదు ధరలోనే ఉంటుంది. రసీదు తప్పక తీసుకోండి, సబ్సిడీ రాకపోతే అదే ఆధారం.

సిలిండర్‌లో గ్యాస్ తక్కువ ఉందని అనుమానం?
సీలు ఉండగానే తూకం అడగండి. ఖాళీ సిలిండర్ బరువు పైన కడ్డీ మీద రాసి ఉంటుంది. దానికి 14.2 కలిపితే రావాల్సిన బరువు. ఖాళీ బరువు 15.5 అయితే మొత్తం 29.7 రావాలి.

ఇంట్లోనే టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం, ఈ సిలిండర్ వాడొచ్చా?
వాడకూడదు. వ్యాపారానికి 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి.

సబ్సిడీ పడలేదు, ఎవరిని అడగాలి?
ముందు హద్దు దాటిందేమో చూసుకోండి. దాటకపోతే బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు, గ్యాస్ కనెక్షన్‌కు ఈకేవైసీ ఉన్నాయో లేవో చూడండి. ఈకేవైసీకి డబ్బు కట్టాల్సిన పని లేదు. అన్నీ సరిగ్గా ఉంటే రసీదు, రేషన్ కార్డు, పాస్‌బుక్ జిరాక్స్‌లతో మండల పరిషత్ ఆఫీసు లేదా మున్సిపల్ ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది.

సబ్సిడీ కోసం ఓటీపీ చెప్పమని ఫోన్ వచ్చింది?
చెప్పొద్దు. ఫోన్ పెట్టేయండి.

గ్యాస్ వాసన వస్తే?
స్విచ్‌లు ముట్టుకోవద్దు, వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటకు వచ్చి 1906కు ఫోన్ చేయండి. మామూలు ఫిర్యాదులకు 1800-2333-555. గ్యాస్ పైపు ఐదేళ్లకు ఒకసారి మార్చాలి.

మీ ఇంటి కాగితం

ఇది రాసి వంటింటి తలుపు వెనక అతికించండి:

1. మా సిలిండర్ సగటున వచ్చే రోజులు: ……
2. వంటకు ఏడాదికి కావాల్సిన సిలిండర్లు: ……
3. చలికాలం స్నానాలు దేని మీద (గ్యాస్ / కట్టెలు / కరెంటు / ఎండ): ……
4. గత మూడేళ్ల సగటు, అంటే సబ్సిడీ వచ్చే సిలిండర్లు: ……
5. పూర్తి ధరకు కొనాల్సినవి (2 లోంచి 4 తీసేస్తే): ……
6. రోజూ డబ్బాలో వేయాల్సింది: …… రూపాయలు
7. ఈ ఏడాది తీసుకున్నవి (ఒక్కోదానికి ఒక గీత, పక్కన సబ్సిడీ పడిన తేదీ): ……

ఏడో వరుసే ముఖ్యం. తేదీలతో రాసుకున్న కాగితం చేతిలో ఉంటే ఏజెన్సీలో అయినా, ప్రజావాణిలో అయినా మీ మాటకు బలం ఉంటుంది. సంఘం సమావేశంలో ఒక అరగంట పెట్టుకుని అందరూ కలిసి నింపండి. ఫోన్‌లో చదవడం రానివాళ్లకు మీరే చదివి వినిపించండి. ఈ పీడీఎఫ్‌ను మీ వాడ గ్రూపులో పంపండి.